కథ కంచికి వెళ్లిన పిమ్మట

కథ కంచికి, మనము ఇంటికి అని పెద్దలు కథ ముగించుట మనకు చిన్ననాటినుండి వినవచ్చిన మాట. ఆ మాటలో ఒక ఒడంబడిక యిమిడియున్నది. కథ తన దారిని పోవలెను. విన్నవారు తమ దారిని పోవలెను. ఆపైన వాదులాట యుండరాదు. కాని శ్రోతలు ఈ యొడంబడికను ఎన్నడును పూర్తిగా మన్నించి యుండలేదు. కథ కంచికి పోయిన పిమ్మట గూడ అరుగులమీద వాదము సాగుచునే యుండును. అట్లు ముగింపవలసినది కాదని యొకరు, అట్లుగాక వేఱొకరీతి ముగియుట యెట్లని మఱొకరు. ఈ వాదము వట్టి కాలక్షేపమా, లేక దానియందు ధర్మవిచార మేమైన గలదా? ఈ ప్రశ్ననే మేమిక్కడ విచారింపదలచితిమి.

ప్రశ్న పాతది, దానిని మరల మన ముందునకు తెచ్చిన సాధనము మాత్రము క్రొత్తది. అమెరికా దేశమున 1978 నాటి యొక టెలివిజను కథను తిరుగ వ్రాసి, 2003 మొదలు 2009 వఱకు నడిపిన ‘బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా’ యను వైజ్ఞానిక కల్పనాకథ యొకటి కలదు. దాని నిర్మాత రోనాల్డు మూర్. ప్రారంభగీతమున మన గాయత్రీమంత్రము వినబడుటచేత మనవారి చెవికి అది పరాయిదిగా తోచదు. పై చదువులకు పట్టణములకు పోయిన మా కమ్మర్‌పల్లి ప్రాంతపు విద్యార్థులు కొందఱు దీనిని తుదిముట్ట చూచి, సెలవులలో ఇంటికి వచ్చినప్పుడు రెండు పక్షములై వాదించుకొనుట మేము వింటిమి. ఆ వాదములో ఒక పక్షము వారికి కన్నీరు వచ్చినది. రెండవ పక్షము వారికి కోపము వచ్చినది. ఒక కల్పితకథ ముగింపునకు ఇంత యావేశ మేల యని నవ్వి యూరకుండుట సులభము. కాని నవ్వుట విచారము కాదు.

కథాసారము సంగ్రహముగా చెప్పుదుము. పండ్రెండు లోకములలో వసించు మానవులు తమ సేవకై యంత్రమానవులను చేసిరి. ఆ యంత్రములు తిరుగబడి యొక్క దినముననే లోకములన్నిటిని కాల్చివైచెను. మిగిలిన సుమారు 50,000 మంది ఓడలనెక్కి ఆకాశమున పరుగిడుచు, పూర్వగ్రంథములలో విన్న ‘భూమి’ని వెదకుచు పోవుదురు. నాలుగు భాగములు ఇట్లు నడచును. తుదకు వారు ఈ మన భూమినే చేరుదురు. అయితే అది లక్షన్నర యేండ్ల క్రిందటి భూమి. అక్కడ వారు చేసిన పని యేమనగా, తమ యోడలనన్నిటిని సూర్యునిలోనికి తోలివైచి, యంత్రములను, పట్టణవాసమును విడిచి, చేతిసంచులతో నలుదిక్కులకు చెదరిపోవుట. మానవునికిని యంత్రజాతికిని పుట్టిన హీరా యను బాలికయే నేటి మానవులందఱికి మూలమాత యైనదని కథ చెప్పి ముగించును. నడుమ చనిపోయి తిరిగివచ్చిన యొక వీరవనిత, పని తీరిన వెంటనే మాట నడుమ అదృశ్య మగును. ఇదంతయు దైవసంకల్పమని సూచన.

2009 మార్చి 20వ తేదీన ఈ తుదిభాగము వెలువడినది మొదలు నేటివఱకు వాదము చల్లారలేదు. ఆక్షేపించువారి మాటలు ముఖ్యముగా రెండు. విజ్ఞానకథయని పిలిచి, చిక్కుముడులను విప్పవలసిన చోట దేవుని చేయి చూపి తప్పించుకొనుట మోసమనునది మొదటిది. బ్రతుకునకు ఆధారమైన విద్యలనన్నిటిని వేలకొలది జనులు ఒక్క మాటకు విడిచిపెట్టుట నమ్మదగినది కాదనునది రెండవది. సమర్థించువారు చెప్పునదేమనగా, విద్య పెరిగి ధర్మము పెరుగనందున ఆ జనులు పలుమాఱు భస్మమైరి. ఆ చక్రమును ఆపుటకు త్యాగమే మార్గము. దైవమును గూర్చిన మాట కథారంభమునుండియు వినబడుచున్నదే గాని తుదిలో పుట్టినది కాదు.

ఇట్టి కలహములు ఆ దేశమున మఱికొన్ని కలవు. 2010లో ముగిసిన ‘లాస్ట్’ అను కథ ముడులు వేసినంత శ్రద్ధతో విప్పలేదని లోకులు నిందించిరి. 2019లో వేఱొక ప్రసిద్ధ ధారావాహికయొక్క కడపటి భాగమును తిరిగి తీయవలెనని 10 లక్షలకు మించిన జనులు విన్నపమున చేవ్రాలు చేసిరి. జపాను దేశమున 1996లో ముగిసిన ‘ఇవాంజెలియన్’ అను బొమ్మలకథకు తృప్తి చాలమి చేత, దాని కర్త 1997లో మఱొక ముగింపును చలనచిత్రముగా చేయవలసి వచ్చెను. మన తెలుగునాట 2024లో వచ్చిన ‘కల్కి 2898 ఏ.డి.’ యను చిత్రము మహాభారతమును రాబోవు కాలపు యంత్రలోకముతో ముడివేసి, కథ ముగియకమున్నే నిలిచినందున, ముగింపు పుట్టకముందే దానిని గూర్చిన వాదము పుట్టినది.

ఈ విషయమున రెండు పూర్వపక్షములు గలవు. కథ కర్త సొత్తు. ఇష్టమున్న వినుము, లేకున్న లేచిపొమ్ము అనునది మొదటిది. కథ శ్రోతల ప్రేమచేత బ్రతుకుచున్నది గనుక వారి కోరిక ప్రకారము ముగియవలెననునది రెండవది. ఈ రెండును అర్ధసత్యములే.

మొదటి పక్షమును తీసికొందము. శ్రోత యిచ్చినది అణాబేడలు మాత్రమే యైనచో ఆ మాట చెల్లును. కాని యతడు ఇచ్చినది తన యాయువులో కొంత భాగము. ఆఱేండ్లు ఒక కథను వెంబడించినవాడు ఆ పాత్రలను ఇంటివారివలె ఎఱుగును. ఆంగ్ల పండితుడు జాన్సను, షేక్స్‌పియరు ‘లియర్ రాజు’ నాటకములో కార్డీలియా మరణమునకు మనసు కలగి, తాను ఆ గ్రంథమును పరిష్కరింపవలసి వచ్చువఱకు ఆ కడపటి రంగములను తిరిగి చదువలేకపోయినట్లు 1765లో వ్రాసికొనెను. అంతటి విమర్శకునికే అట్లయినచో సామాన్యులను నిందింపనేల? బాధపడుట శ్రోతయొక్క దోషము కాదు. అది కథయొక్క విజయము. బాధపడినవానికి ప్రశ్నించు హక్కు లేదనుట అన్యాయము.

ఇక రెండవ పక్షము. శ్రోతల కోరికయే ప్రమాణమైనచో ఏమగునో ఆ నాటకచరిత్రమే చెప్పుచున్నది. 1681లో నేహం టేట్ అను కవి కార్డీలియాను బ్రతికించి పెండ్లిచేసి ముగించిన పాఠమే సుమారు నూటయేబది యేండ్లు రంగస్థలమున నిలిచినది. 1838లో మాక్రెడీ అను నటుడు పూర్వపాఠమును తిరిగి ప్రవేశపెట్టెను. ఆ మధురమైన ముగింపు నేడు పండితుల టిప్పణములలో తప్ప ఎవరికిని జ్ఞప్తి లేదు. పైగా శ్రోతలు ఎల్లప్పుడు మధురమునే కోరుదురనుటయు నిజము కాదు. 1953 నాటి ‘దేవదాసు’ చిత్రము పార్వతి యింటి వాకిట మరణముతో ముగిసినను తెలుగువారు దానిని తలమీద పెట్టుకొనిరి. కావున జనులు దుఃఖాంతమును ద్వేషింతురనుట వారిని తక్కువగా తలచుట యగును. వారు సహింపనిది దుఃఖమును కాదు, దగాను.

అయితే దుఃఖమునకును దగాకును భేద మెట్లు తెలియును? ఇచ్చట మన యాలంకారికులు మనకు మంచి కొలబద్దల నిచ్చియున్నారు. నాట్యశాస్త్రము కథకు అయిదు సంధులను చెప్పి, కడపటిదానికి నిర్వహణ మని పేరుపెట్టెను. ముఖసంధిలో నాటిన బీజమే నిర్వహణమున ఫలముగా కనబడవలెను. అంతేకాక నిర్వహణమున అద్భుతరసము ఉండవలెనని గూడ భరతుడు విధించెను. ముగింపులో ఆశ్చర్యము దోషము కాదు, అది యావశ్యకమే. కాని ఆ యాశ్చర్యము బీజమునుండి మొలవవలెను. గ్రీకు పండితుడు అరిస్టాటిలు గూడ కథ విప్పుట కథనుండియే రావలెను గాని, రంగస్థలమునకు పైనుండి యంత్రముతో దింపిన దేవతవలన గాదని చెప్పెను. ఇరువురును ఒక్క మాటయే పలికిరి.

మా ప్రాంతపు పైరుతో ఈ సంగతి మఱింత తేటపడును. కమ్మర్‌పల్లి చుట్టుపట్ల పసుపు ముఖ్యమైన పంట. పసుపు పరిశోధన స్థానము గూడ ఇచ్చటనే యున్నది. తొలకరికి నాటిన దుంప తొమ్మిది నెలలు మంటిలోనే యుండును. ఆకు పచ్చగా నున్నదని మురిసిపోయిన రైతునకు తవ్వునప్పుడు గాని కొమ్ము సంగతి తెలియదు. తవ్విన దినమున దుంప కుళ్లి కనబడెనేని, ఆ కుళ్లు ఆనాడు పుట్టినది కాదు. వానకాలమున మడిలో నీరు నిలిచినప్పుడే పట్టినది. ముగింపు గూడ అట్టిదే. తుదిభాగమును తిట్టువారు పెక్కుమార్లు తవ్వినవానిని తిట్టుచుందురు. నీరు నిలిచిన మడిని వెదకరు. నడుమ ఎచ్చటనో కర్త తీర్పలేని ముడిని వేసినప్పుడు మనమే చప్పట్లు కొట్టియుందుము.

ఈ కొలబద్దతో పై టెలివిజను కథను కొలిచి చూతము. దైవప్రసక్తి ఆరంభమునుండియే యున్నది గనుక, దేవుడు హఠాత్తుగా దిగెనను మొదటి యాక్షేపణ మంతగా నిలువదు. రెండవది మాత్రము నిలుచుచున్నది. విద్యలను విడుచుట యను మహానిర్ణయము కొలది క్షణములలో జరిగిపోవును. ఆ జనసమూహములో ఒక్క వైద్యుడైనను, జ్వరపడిన బిడ్డను ఎత్తుకొన్న ఒక్క తల్లియైనను వలదని పలుకుట మనకు వినబడదు. హీరాయొక్క అస్థులను కనుగొన్నట్లు కడపటి దృశ్యమున చెప్పునప్పుడు, అవి యొక యువతి యస్థులని కథయే చెప్పుచున్నది. అనగా, ఎవరి క్షేమమునకై యిన్ని వేలమంది పాటుపడిరో ఆ బిడ్డయే ముదిమి నెఱుగక మరణించినది. మందులను సూర్యునిలో పోసిన పెద్దల త్యాగమునకు వెల చెల్లించినది పిల్లలు.

ఇచ్చట మనకు మహాభారతము జ్ఞప్తికి రాక మానదు. పాండవులును తుదకు సర్వమును విడిచి ఉత్తరాభిముఖులై పోయిరి. అర్జునుడు అగ్నిదేవుని మాటపై గాండీవమును జలములలో విడిచెను. సూర్యునిలోనికి పంపిన యోడలకును సముద్రములో విడిచిన గాండీవమునకును పోలిక స్పష్టము. కాని పోలికలో ఒక్క భేదము కలదు. ఆ భేదమే సమస్తము. బయలుదేరుటకు ముందు ధర్మరాజు పరీక్షిత్తునకు పట్టము గట్టి, కృపాచార్యుని అతనికి గురువుగా నియమించెను. తాము విడిచినది తమ సొత్తును. పిల్లవానికి రాజ్యమును, గురువును ఉంచియే పోయిరి. వైరాగ్యమునకు ధర్మమైన హద్దు ఇది. తన యన్నమును తాను మానుట ఉపవాసము. పరుల బిడ్డలకు అన్నము మాన్పించుట ఉపవాసము కాదు. భారతమంతటికిని శాంతమే ప్రధానరసమనియు, దాని విషాదమయమైన ముగింపే ఆ రసమును నిలుపుచున్నదనియు ఆనందవర్ధనుడు నిరూపించెను. ఆ ముగింపు చేదైనను మనము శిరసావహింతుము. ఏలయన అది ఎవరిని మోసగింపలేదు.

ముగింపు నచ్చనివారు ఏమి చేయవలెను? దీనికి మన వాఙ్మయములోనే గొప్ప దృష్టాంతము కలదు. ఉత్తరరామాయణమున సీతాదేవి భూప్రవేశమునకంటె హృదయము కలచునట్టి ముగింపు మఱొకటి లేదు. రామాయణము కరుణరసప్రధానమనియు, అది సీతావియోగపర్యంతము సాగినదనియు ఆనందవర్ధనుడు ఆ ముగింపును అంగీకరించెను. అతనికంటె ముందువాడైన భవభూతి అంగీకరింపలేదు. ఉత్తరరామచరితము సప్తమాంకములో నాటకములోపల నాటకమును కల్పించి సీతారాములను కలిపెను. ఎవరి నోటిమాటవలన ఆమె యడవుల పాలైనదో ఆ పౌరజనమునే పిలిచి, అరుంధతీదేవి సీత పావిత్ర్యమును గూర్చి నిలదీయునట్లు చేసెను. మన తిక్కన సోమయాజి నిర్వచనోత్తర రామాయణమున శ్రీరామ నిర్యాణమును వ్రాయక విడిచెను. ఆ భాగమును పిమ్మట జయంతి రామభట్టు పూరించెను. చూచితిరా! ఒక మహాకవికి నచ్చని ముగింపును వ్రాయక మానుట, మఱొక కవి కది కొఱతగా తోచి పూరించుట, ఇదియంతయు మన యింటిలోనే జరిగినది. వీరెవ్వరును వాల్మీకిని దూషింపలేదు. ముగింపునకు ప్రత్యుత్తరము ముగింపుతోనే యిచ్చిరి.

అయినను భవభూతి ముగింపే మేలైనదని మేము తీర్పు చెప్పజాలము. వాల్మీకి సీత రెండవమాఱు పరీక్షకు లోబడలేదు. సభ నడుమ తల్లియగు భూదేవిని పిలిచి వెడలిపోయినది. అది యోటమి కాదు. ఆ సభమీద ఆమె చెప్పిన తీర్పు. తియ్యని ముగింపులో ఆ తీర్పు వినబడదు. 1934లోను, మరల 1963లోను తెరకెక్కిన ‘లవకుశ’ చిత్రమున ఆమె భూమిలో దిగుచుండగా ఎందఱు తల్లులు కొంగుతో కన్నులద్దుకొనిరో లెక్కలేదు. ఆ కన్నీరు కథకు మాత్రమే సంబంధించినది కాదు. ఇంటింట అనుమానపు మాటను భరించిన స్త్రీల యనుభవము ఆ కన్నీటిలో కలదు. ఇట్టి కథ విన్న బాలిక యొకతె ‘ఆమె ఎందుకు పోవలెను?’ అని యడిగినప్పుడు, పురాణమును ప్రశ్నింపరాదని నోరు మూయించు పెద్దలు మనలో ఇంకను గలరు. వారికి మేము వినయపూర్వకముగా చెప్పునదేమనగా, ఆ ప్రశ్నను మొట్టమొదట అడిగినది ఆ బాలిక కాదు, భవభూతి. మహాకవి కున్న హక్కు ఆ బిడ్డ కేల లేదు?

ముగింపును ఎవరు కోరుచున్నారో విచారింపవలెననుటకు మఱొక సాక్ష్యము కలదు. రామానంద సాగరుని ‘రామాయణ్’ దూరదర్శనమున 1987 జనవరి మొదలు 1988 జూలై వఱకు సాగి, పట్టాభిషేకముతో ముగిసినది. శుభాంతమే గదా యని పెక్కుమంది తృప్తిపడిరి. కాని ఉత్తరదేశమున పారిశుద్ధ్యపు పని చేయు వాల్మీకి జనులు తృప్తిపడలేదు. తమ కులమునకు ఆరాధ్యుడైన వాల్మీకి ఆశ్రమకథ విడిచిపెట్టబడినదని వారు పని మాని సమ్మె కట్టిరి. తరువాత ఉత్తరకాండయు ధారావాహికగా వచ్చినది. మనకు నిండుగా తోచిన ముగింపు మఱొకరిని వాకిటనే నిలిపివేసి యుండవచ్చునని దీనివలన తెలియుచున్నది. వారి సమ్మెను వినోదము చాలదను అలుకగా తలచుట పొరబాటు; వారడిగినది మర్యాద.

ఇంతకును కల్పితకథలలో న్యాయమైన ముగింపు కొఱకు మనుష్యుడు ఇంతగా తహతహలాడుట యేల? బ్రదుకులో అది దొరకుట యరుదు గనుక. మా జిల్లాలోని బోధనునందు 1937లో స్థాపింపబడిన నిజాము చక్కెర కర్మాగారము ఎన్నో గ్రామములకు చెరకుబండ్ల సందడిని, జీతపు రాళ్లను ఇచ్చి, 2015లో గానుగలు ఆపివైచినది. అన్ని తరముల కథకు తుదిపుట యెవరు వ్రాసిరి? ఎవరు చదివి వినిపించిరి? గల్ఫు దేశములకు పోయిన కొడుకు ఏ మాట చెప్పి బయలుదేరెనో ఆ మాటయే కడపటి మాట యైన యిండ్లు మా ప్రాంతమున లేకపోలేదు. బ్రదుకు బీజమును నాటి ఫలమును చూపక పోవుచుండును. అందుచేత కథనైనను మనము నమ్ముకొందుము. ఆ నమ్మకమును తేలికగా తలచు కర్త, వినోదమును మాత్రమే కాదు, ఒక ఊఱటను చెఱచుచున్నాడు.

కావున మా సిద్ధాంత మిది. ముగించు నధికారము కర్తది; విమర్శించు నధికారము శ్రోతది; ఒకరి యధికారమును మఱొకరు అపహరింపరాదు. విమర్శించువాడు మూడు ప్రశ్నలను తనకు తాను వేసికొనవలెను. ఈ ఫలము మొదట నాటిన బీజమునుండి వచ్చినదా? నా కోరిక తీరలేదని కోపమా, కథ తన మాట తప్పినదని కోపమా? ఈ ముగింపు సుఖమునకు వెల యెవరు చెల్లించిరి, వారి నోట ఒక్క మాటయైన పలికించిరా? మొదటిది కవితావిచారము, రెండవది ఆత్మవిచారము, మూడవది ధర్మవిచారము. ఈ మూటిని దాటి, కర్తను తిట్టుట, నటులను బెదరించుట విమర్శ కాదు; అది ప్రేమ పేరిట చేయు దౌర్జన్యము. కోనన్ డాయిల్ 1893లో తన డిటెక్టివు హోమ్సును చంపగా పాఠకులు నిందించిరి; 1903లో అతడు హోమ్సును బ్రతికించెను. పాఠకులు గెలిచిరి, నిజమే. కాని కర్తకు విసుగు పుట్టించిన పాత్రను మరల అతని మెడకు కట్టుట గొప్ప గెలుపని మేము తలపము.

ముగింపు చెడినంతమాత్రమున ముందటి కథయంతయు వ్యర్థమనువారికిని ఒక మాట. తొమ్మిదినెలల పైరులో కొంత దుంప కుళ్లినను రైతు మంచి కొమ్మును ఏఱి విత్తనమునకు దాచుకొనును. ఆఱేండ్ల కథలో మీరు నేర్చిన దయ, భయము, ధైర్యము తుదిగంటలో అబద్ధములు కాలేదు. వానిని దాచుకొనుడు.

గృహస్థులకు మా విన్నపము. మీ పిల్లలు ఒక కథ ముగింపును గూర్చి వాదించుచుండగా, అది విదేశపు టెలివిజను కథయే కానిండు, మన పురాణమే కానిండు, ‘కథే గదా’ యని వారిని లేపివేయకుడు. ఎవరికి న్యాయము జరిగినది, ఎవరికి జరుగలేదు అని వారు అడుగుచున్నారు. ఆ ప్రశ్నను కథయం దడుగ నేర్చినవారే రేపు ఇంటియందును, ఊరియందును అడుగగలరు. కథ కంచికి పోవుగాక. ఆ ప్రశ్నను మాత్రము మన యింటనే యుండనిండు.